ఐసు ఏనుగు దగ్గర మూడు గంటల భాగ్యం

ఆశీర్వాదం కోసం ఐసు ఏనుగు ముందు తల వంచిన చెల్లమ్మ, ఎంతసేపటికీ నెత్తిన ఏమీ పడకపోయేసరికి మెల్లగా కళ్ళు తెరిచి, పైకి చూసి, కెవ్వుమంది: ఏనుగుకు తొండం లేదు!

దంతాలు రెండూ ఉన్నాయి. చాటలంత చెవులు ఉన్నాయి. నుదుట ఎవరో దిద్దిన కుంకుమ కారి చెంపల దాకా వచ్చింది. దంతాల నడుమ, తొండం ఉండవలసిన చోట, ఇడ్లీ అంత గుండ్రటి మచ్చ తళతళలాడుతోంది. అంతే!

తొండం ఏమైంది? ఎవరు విరిచారు? ఎక్కడ దాచారు? అన్నీ చెప్తాను. కాని అంతకంటే ముందు ఒక పెద్ద సత్యం మీకు మనవి చేసుకోవాలి.

క్యూ అనేది మానవజాతికి దక్కిన మహావరం!

నవ్వకండి. రేషను దుకాణం ముందు క్యూ, టెంటు సినిమా కొట్టాయి ముందు క్యూ, ఆస్పత్రిలో క్యూ అని మీరు విసుక్కుంటారని నాకు తెలుసు. యుద్ధం నాడు వచ్చిన అలవాటు, యుద్ధం ముగిసి పద్నాలుగేళ్ళైనా పోలేదని గొణుగుతారనీ తెలుసు. ఇంత కృతఘ్నత పనికిరాదు! ఈ మే నెలలో, రాజపాళయం ఎగ్జిబిషన్‌లో, మూడు గంటలు ఎండలో నిలబడి నేను సంపాదించిన జ్ఞానం మీకు ఉచితంగా పంచుతున్నాను. వినండి.

బడులకు సెలవులిచ్చిన రెండో వారం అది. రోడ్డు మీద కాకి కూడా నీడ చూసుకొని వాలుతున్న రోజులు. అలాంటి ఎండలో ఎగ్జిబిషన్ కమిటీ వారు తూత్తుకుడి వైపు నుంచి రంపపు పొట్టులో కప్పిన ఐసు దిమ్మలు లారీల్లో తెప్పించి, ఉలితో చెక్కించి, తాటాకు పందిట్లో, వట్టివేళ్ళ తడికెల నడుమ నిలబెట్టారు. పొద్దున తామరపువ్వుగా పుట్టిన ఐసు మధ్యాహ్నానికి పళ్ళెం అయ్యేది, సాయంత్రానికి తడి అయ్యేది. హంస మెడ రెండో రోజుకే వాలిపోయి బాతుగా మారింది. నిలిచింది ఒక్క ఏనుగే. దానికి రోజూ తెల్లవారగానే కొత్త ఐసుతో తొండం అతికేవారు.

మన కమిటీ వారు అమాయకులు. జనం లోపలికి వస్తారు, చూస్తారు, పోతారు అనుకున్నారు. ఏనుగును ఊరికే చూసి పోయే ఊరా ఇది?

మొదటి రోజే ఒక ముసలమ్మ, శ్రీవిల్లిపుత్తూరు గుడి ఏనుగు దగ్గర చేసినట్టే, ముందుకు చాచిన ఆ తొండం కింద తల పెట్టి కళ్ళు మూసుకుంది. టప్‌మని ఒక చల్లని చుక్క ఆమె నడినెత్తిన పడింది. "ఆశీర్వాదం పడింది!" అని అరిచింది. ఇంకేముంది! ఆ పూట నుంచి ఏనుగును చూసినవాడు లేడు. వచ్చిన ప్రతివాడూ తొండం కింద తల వంచటమే. చుక్క పడితేనే కదలటం. ఐసు ఎంత వేగంగా కరిగితే క్యూ అంత వేగంగా నడుస్తుందన్నమాట! ఇలాంటి క్యూ లండన్‌లో ఉందా? న్యూయార్క్‌లో ఉందా?

ఆ క్యూలో నా ముందు నిలబడింది పెరుమాళ్‌సామి కుటుంబం.

పెరుమాళ్‌సామి ముప్పయ్యేళ్ళు నూలు మిల్లులో మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. తెల్ల పంచె, జరీ అంచు కండువా, చంకలో గొడుగు, చేతిలో మూత ఉన్న ఇత్తడి కూజా. ఆయనకు ప్రాణం రెండింటి మీద. ఒకటి, లైను. మిల్లు గేటు దగ్గర ఆయన నిలబెట్టిన లైనులో దారం పట్టి చూసినా వంకర దొరికేది కాదట. రెండోది, గట్టిదనం. ఏది కనబడినా రెండు వేళ్ళతో పట్టుకొని లాగి, తెగుతుందా నిలుస్తుందా అని చూడటం ఆయన చేతికి అలవాటు. నూలు పోగులు లాగి చూసి చూసి పట్టుకున్న జబ్బు. గొడుగు కొన్నా లాగాలి, తాడు కొన్నా లాగాలి, చివరికి మురుకు కొన్నా ఒకసారి లాగి చూడాలి. కూతురు కనకం పెళ్ళిలో మాల గట్టిగా కట్టారా లేదా అని లాగితే, పెళ్ళికొడుకు మెడలో దారం మాత్రం మిగిలింది.

ఆ కనకం సత్రపట్టి అత్తవారింటి నుంచి సెలవులకు వచ్చి, ఇప్పుడు తండ్రి పక్కనే నిలబడి ఉంది. ఆయన చెల్లెలు నాచ్చియార్ పులియోదరై, అంటే మన పులిహోర, మూట పట్టుకొని ఉంది. వీళ్ళందరి ముందు ఆయన భార్య చెల్లమ్మ.

అసలు ఈ ప్రయాణమంతా చెల్లమ్మ కోసమే. ఆమెకు ఏడేళ్ళప్పుడు శ్రీవిల్లిపుత్తూరులో గుడి ఏనుగు ఆశీర్వాదానికి తొండం ఎత్తితే, దడుసుకొని చెప్పుల కుప్ప దాకా పరుగెత్తింది. ఆ రోజు వాళ్ళమ్మ, "ఆశీర్వాదం వస్తే పారిపోయినావే!" అని ఒక్క మాట అంది. ఆ మాట చెల్లమ్మను యాభై ఏళ్ళుగా వదలలేదు. పాలు పొంగిపోయినా, పెళ్ళినాడు వాన కురిసినా, పెద్దవాడికి పరీక్ష పోయినా, అన్నిటికీ కారణం ఆ తొండమే. మళ్ళీ ఏ ఏనుగు దగ్గరికైనా పోదామంటే కాళ్ళు చెప్పుల కుప్ప వైపే తిరుగుతాయి. ఇన్నాళ్ళకు, అడుగు కూడా వెయ్యలేని ఏనుగు ఒకటి ఊరికి వచ్చింది! ఇంట్లో దూలం కింద నిలబడి నాలుగు రోజులు తల వంచటం ప్రాక్టీసు చేసింది పాపం. ఎగ్జిబిషన్‌కు అదే ఆఖరి రోజు.

ఇక క్యూ మహిమలు చూడండి.

క్యూ విద్యాలయం. ఒకాయన తెచ్చిన పేపరును ముందు వెనక పదకొండు మంది చదివాం. వార్తలు అయిపోయాక టెండరు ప్రకటనలు చదివాం. అవీ అయిపోయాక ఎవరో తప్పిపోయిన ఎద్దు గుర్తులు బట్టీపట్టాం. ఆ ఎద్దు ఇప్పుడు ఎదురుపడితే నేను పేరు పెట్టి పిలవగలను!

క్యూ వైద్యాలయం. చెల్లమ్మకు మోకాళ్ళ నొప్పి అని తెలియగానే పద్నాలుగు మందులు చెప్పారు. అందులో పదమూడు ఆముదంతో మొదలయ్యాయి. కూర్చుంటే తగ్గుతుందని మాత్రం ఒక్కరూ అనలేదు. క్యూలో కూర్చోవటం నేరం కదా!

క్యూ కల్యాణ మంటపం. మంసాపురం రైతు ఒకాయన, నా వెనక నిలబడ్డ సత్రపట్టి ఆవిడ, పరిచయమై, చుట్టరికం తవ్వి, పిల్లవాడి సంగతీ పిల్ల సంగతీ మాట్లాడుకొని, మామిడితోపు నీడ వచ్చేసరికి ముహూర్తం దాకా వచ్చారు. ఆ నీడ దాటి మళ్ళీ ఎండలో పడటం వల్ల లగ్నం వాయిదా పడింది, అంతే.

క్యూ వ్యాయామశాల. మేము చేరినప్పుడు పాకుతున్న ఒక పసిబిడ్డ, పందిరి కనబడేసరికి లేచి నడిచింది!

మరి సమానత్వం? క్యూలో పెద్దా చిన్నా లేదు. అందరూ ఒకటే! ఆ రోజు క్యూలో మిల్లు ఆఫీసు పెద్దలూ, కమిటీ వారి బంధువులూ ఒక్కరూ కనబడలేదు. పాపం, ఈ భాగ్యానికి వాళ్ళకు తీరిక దొరకలేదేమో అని నేను జాలిపడ్డాను.

అయితే ఇంత మంచి దానిలో కూడా తప్పులెన్నేవాళ్ళు ఉంటారు.

"అన్నా, వదినెకి కాళ్ళు లాగతా ఉండాయి," అంది నాచ్చియార్. "విజిలు పట్టుకొని నిలబడినాడే కాళియప్పను, వాడు నీ కింద పని చేసినోడే కదా. ఒక మాట చెప్పరాదా?"

"లైనంటే లైనే!" అన్నాడు పెరుమాళ్‌సామి, నాలుగు బారల దూరం వినబడేటట్టు. "సాక్షాత్తూ దేవుడు వచ్చినా కడసీలో నిలబడాల్సిందే."

"దేవుడికి సొంతంగా గుడి ఉండాది నాయనా. ఈ ఎండలో ఇక్కడికెందుకు వస్తాడు?" అంది కనకం.

"నువ్వు నోరు మూసుకొని లైను చూడు. లైను ఉంటేనే మనిషికి మర్యాద. లైను లేదంటే మనకీ గొర్రెలకీ ఏం తేడా?"

"గొర్రెలు కూడా లైనుగానే పోతాయి, అన్నా," అంది నాచ్చియార్.

పెరుమాళ్‌సామి వినలేదు. ముందున్నవారికీ వెనకున్నవారికీ లైను మర్యాద మీద, లైను అనే వరం మీద ఉపన్యాసం చెప్తూనే ఉన్నాడు. చెప్తూ చెప్తూ క్యూకు కట్టిన తాడు పట్టి లాగి చూశాడు. ముడి ఊడింది. మళ్ళీ కట్టాడు.

మూడు గంటలకు మిల్లు సంగు మోగింది. సంగు అంటే షిఫ్టు మారే సైరను. ఈ ఊరు నిద్రలేచేదీ అన్నం తినేదీ దాని చప్పుడుకే. అప్పుడు జరిగిన విచిత్రం ఏమని చెప్పను! మా ముందున్న ఇరవైమంది, ఆ రోజు తమకు లీవు అన్న సంగతి మరచి, కండువాలు దులుపుకొని షిఫ్టుకు బయలుదేరారు! మిల్లు గేటు దాకా పోయాక గాని గుర్తురాలేదట. వాళ్ళు తిరిగి వచ్చేసరికి వాళ్ళ చోటు క్యూ కడసరికి మారిపోయింది. పెరుమాళ్‌సామి కూడా రెండడుగులు వేశాడు. కనకం కండువా పట్టి ఆపింది.

అలా సంగు పుణ్యమా అని మేము పందిరి వాకిట్లోకి వచ్చేశాం. చెల్లమ్మ కొంగు సవరించుకుంది. తల దువ్వుకున్న పాపిడి ఒకసారి తడుముకుంది. ఇంకొక్క అడుగు!

కాళియప్పన్ వెదురుబొంగు అడ్డం దించాడు.

"రెస్టు! ఐసుకు అర్ధగంట రెస్టు!"

ఏనుగు కొంచెం చల్లబడాలట! తడికె తలుపు మూసేశారు. లోపల పనివాళ్ళు టీకి పోయారు. క్యూలో చివరి అడుగుకు ముందు గేటు పడటం ఏ శాస్త్రంలో రాసి ఉందో గాని, ఎక్కడికి పోయినా తప్పదు. అది మన సహనానికి పెట్టే ఫైనల్ పరీక్ష అని నేను భావిస్తాను.

అప్పుడే ఆశీర్వాదం పొంది బయటికి వచ్చినావిడ, తడిసిన తల తుడుచుకుంటూ, "బిన్నె పోండమ్మా, ఆలస్యం చెయ్యొద్దు. పొద్దున తొడంత ఉండిన తొండం ఇప్పుడు మునక్కాయంత అయినాది," అని చెప్పి పోయింది.

చెల్లమ్మ ముఖం వాడిపోయింది.

"అర్ధగంట నిలుస్తుందా?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు.

పెరుమాళ్‌సామి గొంతు సవరించుకున్నాడు. భార్య ముఖం చూశాడు. మోకాళ్ళ మీద పెట్టుకున్న ఆమె చేతులు చూశాడు. "దాహంగా ఉంటుంది. నీళ్ళు తెస్తా," అని కూజా పట్టుకొని పందిరి మలుపు తిరిగిపోయాడు.

పావుగంటలో వచ్చాడు. కూజాలో నీళ్ళు! పళ్ళు జివ్వుమనేంత చల్లని నీళ్ళు! మే నెలలో, రాజపాళయంలో! చెల్లమ్మ తాగింది. కనకం తాగింది. నాచ్చియార్ తాగి, కొంగు తడిపి మెడకు వేసుకుంది. మంసాపురం రైతు తాగాడు. నాకూ రెండు గుక్కలు దక్కాయి. క్యూ మనుషుల్ని ఎంత దగ్గర చేస్తుందో చూశారా?

"యాడ పట్టినారు నాయనా ఈ నీళ్ళు?" అంది కనకం.

"తాగేదానికి ఇస్తే తాగు. కేసు విచారణ ఎందుకు?"

కూజా మూత బిగించి, చంకలో పెట్టుకొని, ఆయన నోరు మూసుకున్నాడు. మూడు గంటల్లో మొదటిసారి! లైను గురించి ఒక్క మాట లేదు. ఎండదెబ్బ అనుకున్నాను.

అర్ధగంట అయింది. బొంగు లేచింది. చెల్లమ్మ చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకొని, యాభై ఏళ్ళ భయాన్ని మింగుకుంటూ, చిన్న చిన్న అడుగులు వేస్తూ పోయి తల వంచింది. తరవాత మీకు తెలుసు.

ఆ కేకకు కాళియప్పన్ నోట్లో విజిలు కింద పడింది. కమిటీ సెక్రెటరీ సౌందరరాజన్ పరుగెత్తుకొచ్చాడు. మచ్చను చూశాడు, మమ్మల్ని చూశాడు, తీర్పు చెప్పేశాడు.

"లైనులో వచ్చినవాళ్ళదే ఈ పని. సుమ్మా, ఊరికే చూసి పోండ్రా అంటే చెయ్యి పెట్టేది! ఈ జనానికి ఒక క్రమం తెలీదు. మూసెయ్యండి! లైనంతా ఇంటికి పంపండి! కాళియప్పా, నువ్వు ఏం కాపలా ఉన్నావు? బ్యాడ్జీ ఇటు తే!"

బయట ఇంకా నాలుగు వందల మంది ఉన్నారు. విచారణ మొదలైంది. ఆ అర్ధగంటా కాళియప్పన్ చేతుల్లో బొంగు, నోట్లో విజిలు; మూడో చెయ్యి లేదు. నాచ్చియార్ కొంగు తడిగా ఉందని ఒకరు పట్టుకున్నారు. "ఇది మా అన్న ఇచ్చిన నీళ్ళురా. నీ నెత్తిన ఇంకా కారుతుండాదే, నువ్వెక్కడ నుంచి వచ్చినావు?" అని ఆమె తిరగబడింది. నన్ను కూడా జేబులు తడిమారు. తడి ఆనవాలు పట్టుకొని పోదామంటే పందిరంతా తడే! ఐసు నేరంలో ఉన్న సుఖం ఇదే కదా: పోయిన సొత్తూ నీళ్ళే, దొరికిన సాక్ష్యమూ నీళ్ళే.

ఈ గోల నడుమ చెల్లమ్మ మాత్రం ఏనుగునే చూస్తూ నిలబడింది. చివరికి కొంగు భుజాన కప్పుకుంది.

"ఎవుర్నీ అనొద్దు సార్," అంది సెక్రెటరీతో. "ఆ పొద్దు నేను దాన్ని చూసి పారిపోతిని. ఈ పొద్దు అది నన్ను చూసి పారిపోయినాది. సరికి సరి. పోదుము రాండి."

అప్పుడు పెరుమాళ్‌సామి గొడుగు నేల మీద పెట్టాడు. కూజా రెండు చేతులా పట్టుకున్నాడు. క్యూ మొత్తం వినేటట్టు, మిల్లులో వెయ్యి కదుళ్ళ చప్పుడు మీద పలికే గొంతుతో అన్నాడు:

"ఆగు చెల్లమ్మా. సెక్రెటరీ సార్, ఆ బ్యాడ్జీ వాడికి ఇచ్చెయ్యండి. తొండం విరిచింది నేను. లైనులో రాలేదు నేను, మీ వెనక గేటులో వచ్చినాను. నీళ్ళ కోసమనే పోతిని. పోతే అక్కడ గేటు తెరిచి ఉండాది, కార్లు నిలిచి ఉండాయి, మీ వాళ్ళు పిల్లా పాపలతో వస్తుండారు, పోతుండారు, లోపల కుర్చీ వేసుకొని ఏనుగు పక్కన చల్లగా కూర్చొని ఉండారు. ఐసుకు రెస్టు కాదు సార్ అది, మీ ఇంటివాళ్ళకి టైము! నా కండువా చూసి వాచ్‌మేను 'కమిటీయా సార్?' అని సలాము పెట్టినాడు. కాదని చెప్పలేదు నేను. అదే మొదటి తప్పు. ముప్పయ్యేళ్ళు లైను లైనని అరిచిన నోరు, అప్పుడు మూసుకొనింది. వాళ్ళంతా వెళ్ళినాక తొండం దగ్గరికి పోయినాను. చెల్లమ్మ తల కిందికి వచ్చే దాకా నిలుస్తుందా, తెగిపోతుందా అని... రెండు వేళ్ళతో... లాగి చూసినాను. నవ్వొద్దు కనకం! చేతిలోకి వచ్చేసినాది. యాడ పెట్టేది? ముక్కలు చేసి కూజా నీళ్ళలో వేసుకొంటిని. ఇంతసేపు మీరందరూ తాగింది తొండమే. లైను వరమని మధ్యాహ్నం నుంచి చెప్తినే, అది నిజమే. ఎవురికి వరమో వెనక గేటులో చూసినాను. ముందర మనమంతా మర్యాదగా నిలబడుకొంటేనే కదా, వెనక వాళ్ళకి అంత ఖాళీగా ఉండేది! ఏం శిక్ష వేస్తారో వేయండి సార్, తరవాత. చెల్లమ్మా, కూజాలో ఇంకా నిమ్మకాయంత ముక్క ఉండాది. తొండం కొనే అది. భయపడొద్దు, నేనే పట్టుకొంటాను. తల వంచు, బిన్నె! ఇది ఎవురి కోసమూ లైనులో నిలబడదు."